ఫాటర్‌లో ‘ట’, బ్రూడర్‌లో ‘డ’

(హైదరాబాదులో ఒక ఆదివారం సాయంత్రం, జర్మన్ నేర్చుకుంటున్నవాళ్ల కోసం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా అలాగే ఉంచాం.)

కూర్చోండి, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమా? వెనక కూర్చున్నా అడుగుతాను.

మీలో ఏ1, అంటే జర్మన్‌లో మొదటి మెట్టు, ఎంతమంది? చేతులెత్తండి. బీ1? సరే. మాస్టర్స్‌కి వెళ్దామనుకునేవాళ్లు ఉన్నారు, నర్సు ఉద్యోగాలకి వెళ్దామనుకునేవాళ్లు ఉన్నారు, అక్కడ మనవల్ని చూసుకోవడానికి వెళ్తూ నాలుగు ముక్కలు నేర్చుకుందామని వచ్చిన నా ఈడువాళ్లు ఇద్దరున్నారు. ‘పాత జర్మానిక్ భాషలు’ అని కాగితం మీద చూసి, పరీక్షలో వస్తుందేమో అనుకుని ఎవరైనా వచ్చి ఉంటే ముందే చెప్పేస్తున్నాను. రాదు. ఒక్క మార్కు కూడా రాదు. వెళ్లిపోవాలంటే తలుపు అటు ఉంది. ఎవరూ లేవలేదు. మంచిది.

ఏ1 మొదట్లోనే కుటుంబం పాఠం వస్తుంది కదా. నాన్న, ఫాటర్. అమ్మ, ముటర్. అన్నయినా తమ్ముడైనా, బ్రూడర్. ఆ స్పెల్లింగులు ఒకసారి కళ్ల ముందు పెట్టుకోండి. ఫాటర్‌లో ట ఉంది. ముటర్‌లో ట ఉంది. బ్రూడర్‌లో? డ ఉంది. ఎందుకు?

ఇదే ప్రశ్న. ఈ సాయంత్రమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాను. మీ టీచర్ని అడిగితే ‘అదంతే, గుర్తుపెట్టుకో’ అంటారు. తప్పు పట్టకండి. నేనూ ఏళ్ల తరబడి క్లాసులో ఇంగ్లీషు చెప్పినప్పుడు అదే అన్నాను. పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగం ‘అదంతే’తో ఆగిపోతాయి.

కానీ చూడండి. సంస్కృతంలో పితృ, మాతృ, భ్రాతృ. మూడింట్లోనూ త. లాటిన్‌లో పాటెర్, మాటెర్, ఫ్రాటెర్. మూడింట్లోనూ ఒకటే అక్షరం. మరి జర్మన్ దగ్గరికి వచ్చేసరికి అన్నదమ్ముడు ఒక దారి, అమ్మానాన్నలు ఒక దారి ఎందుకయ్యారు? ఇళ్లలో జరుగుతుంది గానీ, అక్షరాల్లో ఎందుకు జరగాలి?

ముందు ఒక మాట. జర్మానిక్ అంటే జర్మన్ ఒక్కటే కాదు. ఇంగ్లీషు, డచ్చి, స్వీడిష్, డేనిష్, ఐస్‌లాండిక్, ఇవన్నీ ఆ కుటుంబమే. వీటికి మూలమైన ఆ పాత భాషని ఎవరూ రాసిపెట్టలేదు. మనకి దొరికేవి దాని పిల్లలు: గోతిక్, పాత ఇంగ్లీషు, పాత నార్స్, పాత సాక్సన్, పాత హై జర్మన్. నాలుగో శతాబ్దం నుంచి పదకొండో శతాబ్దం దాకా అనుకోండి. మన దగ్గర ఆ చివరి ఏళ్లలోనే నన్నయ భారతం తెనిగించడం మొదలుపెట్టాడు. ఆ కొలత పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు అక్షరాల సంగతి. 1818లో రాస్ముస్ రాస్క్ అనే డేనిష్ పండితుడు, 1822లో యాకోబ్ గ్రిమ్, ఒక వరస కనిపెట్టారు. గ్రిమ్ తెలుసుగా మీకు? పిల్లల కథలు పోగుచేసిన అన్నదమ్ముల్లో పెద్దాయన. కథల మనిషని అందరికీ తెలుసు, ఆయన అసలు పని మాత్రం వ్యాకరణం. ఆ వరస ఇది. సంస్కృతంలో, లాటిన్‌లో ప ఉన్న చోట జర్మానిక్‌లో ఫ వస్తుంది. పాదం, ఫుట్. త ఉన్న చోట ‘థింక్’లో పలికే థ వస్తుంది. త్రి, థ్రీ. క ఉన్న చోట హ వస్తుంది. సంస్కృతంలో ‘కః’ అంటే ఎవడు, పాత ఇంగ్లీషులో ‘హ్వా’ అంటే ఎవడు. ద ఉన్న చోట ట. దశ, టెన్. దంతం, టూత్. ఎక్కడ పట్టుకున్నా ఇదే. పాఠాల్లో గ్రిమ్ సూత్రం అంటారు.

ఇప్పుడు లెక్క వెయ్యండి. త పోయి థ రావాలి. భ్రాతృ, పాత ఇంగ్లీషులో ‘బ్రోథొర్’. సరిపోయింది. పితృ? ‘ఫాథెర్’ అని రావాలి కదా? రాలేదు. పాత ఇంగ్లీషులో ‘ఫేదెర్’. మాతృ? ‘మోదొర్’. ద వచ్చింది. మీరు అంటారు, అదేంటండీ, ఇప్పటి ఇంగ్లీషులో ఫాదర్, మదర్, బ్రదర్ మూడూ ఒకే టీహెచ్ కదా అని. అవును. అది చాలా ఆలస్యంగా, మధ్యయుగం చివర్లో జరిగిన సర్దుబాటు. ఇంగ్లీషు తేడాని చెరిపేసింది. జర్మన్ దాచుకుంది. తర్వాతి శతాబ్దాల్లో జర్మన్‌లో ఇంకో దొర్లుడు జరిగింది, పాత ద కాస్తా ట అయింది, పాత థ కాస్తా ద అయింది. అందుకని ఫాటర్‌లో ట, బ్రూడర్‌లో డ. వేషం మారింది గానీ తేడా అలాగే ఉంది.

సరే, తేడా పాతదే అని తెలిసింది. ఎందుకు అన్నది తెలిసిందా? తెలియలేదు. గ్రిమ్‌కీ తెలియలేదు. యాభై ఏళ్లు ఎవరికీ తెలియలేదు. ‘మినహాయింపులు’ అని ఒక మూలన పెట్టేశారు.

కార్ల్ వెర్నెర్ అని ఒక డేనిష్ కుర్రాడు. కుర్రాడంటే ముప్ఫై నిండలేదు. ఒళ్లు బాగాలేక ఒక మధ్యాహ్నం కాసేపు పడుకుందామనుకున్నాడట. నిద్ర పట్టడానికి ఒక లావుపాటి పుస్తకం కావాలి. ఫ్రాంజ్ బోప్ రాసిన తులనాత్మక వ్యాకరణం చేతికొచ్చింది. తెరిచిన పేజీలో రెండు సంస్కృత పదాలు, స్వరం గుర్తులతో సహా, ఎదురుగా కనబడ్డాయి. పితర్, భ్రాతర్. ఇది ఆయన తర్వాత చెప్పుకున్న కథగా ప్రచారంలో ఉంది. పుస్తకం పెట్టి నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నిద్రపోలేదు.

ఏం చూశాడు? ఇక్కడ వేదం విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీరా అండీ? అయితే చెప్పండి, ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం. అచ్చు పుస్తకంలో అక్షరం కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, పైన నిలువుగీత ఉంటే స్వరితం, ఏ గుర్తూ లేకపోతే ఉదాత్తం. వేదంలో ‘పితా’ అన్నప్పుడు ఉదాత్తం ఎక్కడ? చివర, ‘తా’ మీద. ‘మాతా’? అదీ చివరే. ‘భ్రాతా’? మొదట, ‘భ్రా’ మీద. అదీ సంగతి. ఆ స్వరం అయిపోయిన వెంటనే త వస్తే, జర్మానిక్‌లో అది థగా నిలిచింది. స్వరం ఇంకా రాకముందే త వస్తే, అది మెత్తబడి ద అయింది. పితా, మాతా ఒక పక్క. భ్రాతా ఇంకో పక్క. ఫాటర్, ముటర్ ఒక పక్క. బ్రూడర్ ఇంకో పక్క.

వెర్నెర్ వ్యాసం 1877లో అచ్చయింది. పేరు చాలా సాదా, మొదటి హల్లుల మార్పుకి ఒక మినహాయింపు అని. మినహాయింపు అనుకున్నది కాస్తా ఇంకో సూత్రం అయి కూర్చుంది.

నేను ఇది మొదటిసారి చదివింది ఇప్పుడు మీరున్న వయసులో కాదు, నలభై దాటాక. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మా వీధిలో చిన్నప్పుడు ఒక ఘనాపాఠీ గారుండేవారు. చెయ్యి పైకీ కిందికీ ఆడిస్తూ పిల్లలకి వేదం సంత చెప్పేవారు. ఒక స్వరం తప్పితే మళ్లీ మొదటినుంచి చెప్పించేవారు. మాకు నవ్వొచ్చేది. అర్థం మారుతుందా ఏమన్నానా, ఎందుకీ పట్టుదల అనుకునేవాళ్లం. ఆయన కాపాడుతున్న ఆ స్వరం మీదే జర్మన్ ఫాటర్‌లోని ట కథ అంతా ఆధారపడి ఉందని ఆయనకీ తెలియదు, మాకూ తెలియదు. జర్మానిక్ భాషలు ఆ స్వరాన్ని పూర్తిగా పోగొట్టుకున్నాయి. పోగొట్టుకున్నచోట మచ్చ మాత్రం మిగిలింది.

ఆ మచ్చ మీరు మూడో క్లాసులోనే చూశారు. ఐ వాజ్, వియ్ వర్. వాజ్‌లో ఎస్ ఉంటే, వర్‌లో ఆర్ ఎందుకు? ‘అదంతే.’ కాదు! పాత ఇంగ్లీషులో ‘వేస్’, ‘వేరొన్’. సంస్కృతంలో వస్ ధాతువు, నివసించడం. మన నివాసం, వాసం అన్నీ అందులోవే. లిట్టులో, అంటే ఒక భూతకాల రూపంలో, ఏకవచనం ‘ఉవాస’, స్వరం ధాతువు మీద. బహువచనం ‘ఊషుః’, స్వరం చివర. స్వరం ధాతువు మీద ఉన్నచోట స నిలబడింది. చివర ఉన్నచోట స మెత్తబడి జ అయి, ఆ జ తర్వాత ర అయింది. వాజ్, వర్. ఇంగ్లీషు వాజ్‌కీ మన నివాసానికీ చుట్టరికం. దీన్ని మాత్రం ఎవరూ ఇంటికెళ్లి వాట్సాప్‌లో పెట్టకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

అప్పటిదాకా మాటలో ఎక్కడ పడితే అక్కడ ఉండే స్వరం, తర్వాత జర్మానిక్‌లో మొదటి అక్షరం మీదికి వచ్చి స్థిరపడింది. మొదటి అక్షరాన్ని గట్టిగా కొట్టి పలకడం. దానివల్ల రెండు జరిగాయి. ఒకటి, మాటల చివర్లు అరిగిపోయాయి. రెండోది, వాళ్ల పద్యం పుట్టింది.

తెలుగు పద్యం చదివినవాళ్లకి ఇది చెప్పడం నాకు ఎంత తేలికో చూడండి. ఇంగ్లీషు విద్యార్థులకి అరగంట పడుతుంది, మీకు ఒక్క మాట చాలు. యతి. పాదం మొదటి అక్షరానికీ, మధ్యలో యతిస్థానంలో ఉన్న అక్షరానికీ మైత్రి కుదరాలి కదా? వాళ్లదీ అలాంటిదే. పాదం రెండు ముక్కలు. రెండో ముక్కలో మొదట గట్టిగా పలికే అక్షరం ఏదైతే ఉందో, మొదటి ముక్కలో గట్టిగా పలికేవాటిలో కనీసం ఒకటి దానితో కలవాలి. అచ్చులన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. స్ట, స్ప, స్క మాత్రం మహా పట్టింపు, స్టకి స్టయే కావాలి. అచ్చం మన ఛందస్సులో నియమం చెప్పినట్టు లేదూ? ఒక్క తేడా, మన యతికి ఊనికతో పని లేదు, వాళ్లకి అదే ప్రాణం.

ఆ పద్యానికి చాలా పాత సాక్ష్యం ఒక కొమ్ము. డెన్మార్క్‌లో గాలెహుస్ అనే ఊళ్లో 1639లో ఒకటి, 1734లో ఒకటి, రెండు బంగారు కొమ్ములు దొరికాయి. 400 ప్రాంతం నాటివి. రెండోదాని మీద రూన్ లిపిలో, అంటే జర్మానిక్ వాళ్ల పాత లిపిలో, ఒక్క వాక్యం ఉంది. ‘ఎక్ హ్లెవగస్తిజ్ హొల్తియజ్ హొర్న తవిదో.’ నేను, హ్లెవగస్తి, హొల్తికి చెందినవాణ్ణి, ఈ కొమ్ము చేశాను. హ్లె, హొల్, హొర్. మూడు హలు వినబడ్డాయా? పదహారు వందల ఏళ్ల కిందటి ఒక పనివాడు తన సంతకం కూడా యతి తప్పకుండా చేశాడు. కొమ్ము ఇప్పుడెక్కడుంది? లేదు. 1802లో కోపెన్‌హాగన్‌లో ఒక కంసాలి రెండింటినీ దొంగిలించి కరిగించేశాడు. అంతకు ముందే ఎవరో బొమ్మ గీసి పెట్టారు కాబట్టి ఆ వాక్యం బతికింది. మనం చదివేది ఆ బొమ్మనే.

ఈ చదువంతా ఇంతే. బతికిపోయిన వాటిని చదవడం. గోతిక్ సంగతి చూడండి. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు, గోతులనే జర్మానిక్ తెగకి లిపి తయారుచేసి, బైబిలు అనువదించాడు. ఒక్క రాజుల గ్రంథాలు మాత్రం వదిలేశాడని ఒక పాత చరిత్రకారుడు రాశాడు. ఎందుకట? మా గోతులకి యుద్ధాలంటే అసలే మోజు, ఇంకా ఎగదోయడం ఎందుకని. ఆ అనువాదానికి గొప్ప ప్రతి ఒకటి స్వీడన్‌లో ఉప్సలా విశ్వవిద్యాలయంలో ఉంది. ఊదారంగు అద్దిన తోలు మీద వెండి సిరాతో, అక్కడక్కడ బంగారు సిరాతో రాశారు. ఆరో శతాబ్దం మొదట్లో ఇటలీలో తయారైంది. మొదట 336 ఆకులు. ఇప్పుడు ఉప్సలాలో ఉన్నవి 187. ఇంకొకటి 1970లో జర్మనీలో ష్పయర్ చర్చిలో బయటపడింది. 1648లో స్వీడన్ సైన్యం ప్రాగ్ నుంచి కొల్లగొట్టి తెచ్చిన వస్తువుల్లో ఈ పుస్తకం ఒకటి. మళ్లీ 1995లో దాంట్లో కొంత భాగం దొంగలు ఎత్తుకెళ్తే, నెల తర్వాత స్టాక్‌హోం రైల్వే స్టేషన్ లాకర్లో దొరికింది. రైల్వే లాకరండీ! గోతిక్ భాష సగం ఆ లాకర్లోనే ఉందన్నమాట. సరే, సగం అంటే అతిశయోక్తే, ఒప్పుకుంటాను.

బేవుల్ఫ్ పేరు విన్నారా? సినిమా చూశారు, పుస్తకం చూడలేదు. పర్వాలేదు. పాత ఇంగ్లీషులో 3182 పాదాల కావ్యం. ప్రపంచం మొత్తం మీద ఒక్క ప్రతి. వెయ్యో సంవత్సరం ప్రాంతంలో ఇద్దరు రాయసగాళ్లు రాశారు, రాత ఎక్కడ మారిందో ఇప్పటికీ కనిపిస్తుంది. 1731 అక్టోబరు 23న లండన్‌లో ఆ గ్రంథాలు పెట్టిన ఇంటికి నిప్పంటుకుంది. కిటికీల్లోంచి పుస్తకాలు బయటికి విసిరేశారు. బేవుల్ఫ్ అంచులు మాడాయి. మాడిన అంచు ఏడాదికింత రాలిపోతూ వచ్చింది. 1780ల్లో తోర్కెలిన్ అనే ఆయన కోపెన్‌హాగన్ నుంచి వచ్చి, ఒక ప్రతి వేరేవాళ్ల చేత రాయించి, ఒకటి తానే రాసుకున్నాడు. ఇవాళ పుట అంచుల్లో లేని అక్షరాలెన్నో ఆ ప్రతుల్లో ఉన్నాయి. మన బ్రౌన్ దొర వేమన పద్యాలకి, ఇంకా ఎన్నో తాళపత్రాలకి ప్రతులు రాయించాడు చూడండి, ఆ కోవ మనిషే.

పాత ఇంగ్లీషు పద్యం మొత్తం కలిపితే ముప్ఫై వేల పాదాలు. అంతే. అది ముఖ్యంగా నాలుగు పుస్తకాల్లో ఉంది. ఒకటి ఇటలీలో వెర్చెల్లి అనే ఊళ్లో ఉండిపోయింది. ఇంకొకటి ఇంగ్లండులో ఎక్సెటర్ చర్చిలో ఉంది. 1072లో చనిపోయిన లియోఫ్రిక్ అనే బిషప్పు ఇచ్చాడు. దాని మీద కత్తి గాట్లున్నాయి, ఏదో గిన్నె పెట్టిన మరక ఉంది. ఎవరో దాన్ని పీటలాగా వాడుకున్నారన్నమాట. అందులో తొంభైకి పైగా పొడుపు కథలున్నాయి. విప్పులు రాయలేదు. ఒకటి చెప్తాను, నాకు తోచిన తెలుగులో.

‘పురుగొకటి మాటలు మేసింది. చిత్రమే అనిపించింది నాకు, ఆ వింత విన్నప్పుడు. చీకట్లో దొంగ, ఒక మనిషి పాటని మింగేసింది, గట్టి మాటనీ, ఆ మాట నిలబడ్డ చోటునీ. దొంగ అతిథికి ఆ మాటలు మింగినందుకు ఒక్క పిసరు తెలివి పెరగలేదు.’

ఏంటది? పుస్తకాల పురుగు! గట్టిగా చెప్పండి, భయపడకండి. నిజం పురుగే గానీ, పరీక్ష ముందురోజు బట్టీ పట్టే పురుగు కూడా అనుకోవచ్చు. వెనక ఎవరో నవ్వారు, తెలిసింది నాకు.

పోలిక వేరు, వరస వేరు

ఇందాక వాట్సాప్ అన్నాను. గోతిక్‌లో నాన్నని ఏమంటారో తెలుసా? ‘అత్తా’. వుల్ఫిలా పరలోక ప్రార్థన ‘అత్తా ఉన్సర్, థు ఇన్ హిమినమ్’ అని మొదలవుతుంది. ఓ మా తండ్రీ, పరలోకంలో ఉన్నవాడా అని. మనకేమో అత్త అంటే మేనత్త, లేదా అత్తగారు. ‘ఫదర్’ అన్న మాట గోతిక్ మొత్తంలో ఒకే ఒక్క చోట దొరుకుతుంది, గలతీయులకు రాసిన పత్రికలో. ఆ ఒక్కచోటా దొరక్కపోతే మన ఫాటర్ కథలో గోతిక్ సాక్షే లేదు. సరే, ఇప్పుడు ఎవరైనా లేచి, గోతులు మన తెలుగువాళ్లే, వాళ్ల అత్తే మన అత్త అని ఒక మెసేజి పెడితే? పెడతారు. రేపే పెడతారు. వేలమంది ఫార్వర్డ్ చేస్తారు.

ఎందుకు తప్పు? పోలిక ఉంది కదా? పోలిక ఎప్పుడూ చాలదండీ. పసిపిల్లలు పలికే అత్త, అమ్మ, తాత, ఇలాంటివి ప్రపంచంలో ఎన్నో భాషల్లో ఉంటాయి. కావలసింది వరస. ఒక అక్షరానికి ఒక అక్షరం, పది మాటల్లో, వంద మాటల్లో, తప్పకుండా రావాలి. తప్పితే ఎందుకు తప్పిందో దానికీ ఒక వరస ఉండాలి. వాజ్, నివాసం చుట్టాలని నేను చెప్పానంటే, అవి ఒకలాగా వినపడుతున్నాయని కాదు. వరస కుదిరిందని.

మన ఇంట్లో ఉదాహరణే తీసుకోండి. కన్నడంలో కెరె, మనకి చెరువు. వాళ్లకి కెడు, మనకి చెడు. వాళ్లకి కివి, మనకి చెవి. వాళ్లకి కై, మనకి చెయ్యి. క ఉన్నచోట మనకి చ వచ్చింది, వెనకున్న అచ్చుని బట్టి. ఇది వరస. ఇప్పుడు జర్మన్‌కి రండి. జున్నులాంటిది, కేజె. ఇంగ్లీషులో? చీజ్. గడ్డం, కిన్. ఇంగ్లీషులో? చిన్. కిర్షె? చర్చి. అదే క, అదే చ, దాదాపు అదే కారణం! అయితే తెలుగూ ఇంగ్లీషూ చుట్టాలా? కాదు. నోరు ఒక్కలాంటిది కాబట్టి ఒకే జారుడు రెండు చోట్ల విడివిడిగా జరిగింది. అంతే.

ఒక తమాషా సంవత్సరం ఉంది, 1816. ఆ ఏడు బోప్, సంస్కృతం, గ్రీకు, లాటిన్, పారశీకం, జర్మానిక్ క్రియారూపాలని పోల్చి మొదటి పుస్తకం వేశాడు. అదే ఏడు మద్రాసులో క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం వచ్చింది. దాని ముందు ఎల్లిస్ అనే ఆయన ఒక నోటు రాశాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబం, సంస్కృతం నుంచి పుట్టినవి కావు అని. అక్కడ చుట్టరికం కలుపుతున్న ఏడే, ఇక్కడ లేని చుట్టరికాన్ని విప్పారు. రెండూ ఒకే పద్ధతి. మనకి పిత, మాత, భ్రాత ఉన్నాయంటే అరువు తెచ్చుకున్నవి. అన్న, తమ్ముడు మనవి.

అరువు మాట వచ్చింది కాబట్టి ఒకటి. డీన్స్‌టాగ్, డొన్నెర్స్‌టాగ్, ఫ్రైటాగ్. మంగళ, గురు, శుక్ర. వారం పేర్లు వరసగా కలుస్తాయి, వాళ్ల యుద్ధ దేవుడు తీవ్ మన కుజుడి రోజున, ఉరుముల దేవుడు థునొర్ మన గురుడి రోజున. చుట్టరికమా? కాదు. గ్రహాల వారం గ్రీకుల, రోమన్ల ప్రపంచంలో ఉండేది. అక్కడినుంచి అటు వాళ్లు తీసుకున్నారు, ఇటు మనం తీసుకున్నాం.

తేలనివి కూడా ఉంటాయి. 1841లో జర్మనీలో మెర్సెబుర్గ్ చర్చి గ్రంథాలయంలో రెండు మంత్రాలు దొరికాయి. పదో శతాబ్దం రాత. గుర్రం కాలు బెణికితే చదివే మంత్రం ఒకటి. ‘బేన్ జీ బేనా, బ్లువోత్ జీ బ్లువోదా.’ ఎముకకి ఎముక, నెత్తురుకి నెత్తురు. అథర్వవేదం నాలుగో కాండలో విరిగిన అవయవానికి ఒక సూక్తం ఉంది. మజ్జకి మజ్జ, చర్మానికి చర్మం అతుక్కోవాలని. ఇది ఒకే మూలం నుంచి వచ్చిందా, లేక విరిగిన కాలుని చూస్తే ఏ మంత్రగాడికైనా ఈ మాటే నోట వస్తుందా? నేను ఇరవై ఏళ్లుగా అటూ ఇటూ ఊగుతున్నాను. అడిగిన రోజుని బట్టి జవాబు చెప్తాను.

ఈ పోలికల పిచ్చి ఎక్కడికి తీసుకెళ్తుందో జర్మనీకి వెళ్లేవాళ్లు తెలుసుకోవాలి. భాషల చుట్టరికాన్ని రక్తం చుట్టరికం చేశారు. ఆర్య అన్న మాటని ఎత్తుకెళ్లి జెండా చేశారు. రూన్ అక్షరాన్ని యూనిఫారం మీద కుట్టుకున్నారు. 1943లో, రోమన్ చరిత్రకారుడు టాసిటస్ జర్మన్ తెగల గురించి రాసిన జెర్మానియా పాత ప్రతి కోసం నాజీ ఎస్.ఎస్. వాళ్లు ఇటలీలో ఒక బంగళా అంతా గాలించారు. దొరకలేదు. మాక్స్ ముల్లర్ 1888లోనే హెచ్చరించాడు, ఆర్య జాతి, ఆర్య రక్తం అనడం, పుర్రె పొడుగుని బట్టి నిఘంటువు రాయడంలాంటిదే అని. ఎవరు విన్నారు? ఈ చదువు చదివేవాళ్ల మీద ఆ బరువు ఇప్పటికీ ఉంది. అక్కడ మెడలో రూన్ బిళ్ల వేసుకున్న ప్రతివాడూ పండితుడు కాడు. జాగ్రత్త.

అక్షరాల గోలేనా, మనుషులు లేరా అంటారేమో. ఉన్నారు. ఇంగ్లండులో కెంట్ రాజు ఏథెల్బెర్ట్ శాసనాలు, 600 ప్రాంతంలోవి. ఇంగ్లీషులో మనకి తెలిసిన అతి పాత గ్రంథం ఇదే. దొరికింది మాత్రం పన్నెండో శతాబ్దంలో రాసిన ఒకే ఒక్క ప్రతిలో. ఏమిటందులో? ధరల పట్టిక! ఎవడైనా నీ కన్ను పోగొడితే 50 షిల్లింగులు. పాదం నరికితే 50. బొటనవేలు 20. బొటనవేలి గోరు 3. నడిమి వేలు 4. ఉంగరపు వేలు 6, దాన్ని వాళ్లు బంగారపు వేలు అంటారు. చిటికెన వేలు 11. ఏకలవ్యుడు కెంట్‌లో పుట్టి ఉంటే ద్రోణుడి దగ్గర 20 షిల్లింగులు వసూలు చేసేవాడు.

నవ్వుతున్నారు గానీ, ఇది చిన్న విషయం కాదు. ఒకడి చెయ్యి పోతే, వాడి అన్నదమ్ములు వెళ్లి ఇంకొకడి చెయ్యి నరికి, వాళ్లొచ్చి వీళ్ల ఇల్లు తగలబెట్టి, మూడు తరాలు కొట్టుకుచచ్చే బదులు, డబ్బు పుచ్చుకుని ఆగిపోండి అని. ముఠా తగాదాలు చూసిన ఊళ్లవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. మనిషి ప్రాణానికి కట్టే సొమ్ముకి పేరు ‘వేర్‌గిల్డ్’. వేర్ అంటే మనిషి. సంస్కృతంలో వీర. వరస కుదిరిందే, నా మాట నమ్మండి. వేర్‌వుల్ఫ్ సినిమాలు చూస్తారుగా? వేర్ అంటే వీర, వుల్ఫ్ అంటే వృక. వీరవృకం. ఇది మాత్రం వాట్సాప్‌లో పెట్టుకోండి, పర్వాలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఇందాక టీ దగ్గర ఒకమ్మాయి అడిగింది, ఇవన్నీ చదవాలంటే పెద్ద పెద్ద యూనివర్సిటీలకి వెళ్లాలా అని. వెళ్తే మంచిదే. వెళ్లకపోయినా మొదలుపెట్టొచ్చమ్మా. పాత ఇంగ్లీషు నిఘంటువు, బోస్‌వర్త్, టోలర్‌ల పేరు మీద ఉన్నది, మొత్తం ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. బేవుల్ఫ్ ప్రతి ఫొటోలు కూడా తీశారు.

జోసెఫ్ రైట్ అని ఒకాయన. 1855లో యార్క్‌షైర్‌లో పుట్టాడు. ఆరేళ్లకే రాళ్ల క్వారీలో గాడిదబండి తోలాడు. తర్వాత మిల్లులో పని. పదిహేనేళ్ల దాకా చదవడం రాదు. పక్కవాళ్లు పేపర్లో ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధం వార్తలు చదువుతుంటే సిగ్గేసి నేర్చుకున్నాడు. దాచుకున్న డబ్బుతో ఓడెక్కి ఆంట్‌వెర్ప్‌లో దిగి, అక్కడినుంచి హైడెల్‌బెర్గ్‌కి నడిచి వెళ్లాడు. నడిచి! చివరికి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. నేను గోతిక్ నేర్చుకున్నది ఆయన రాసిన వ్యాకరణంలోనే. ఇంగ్లీషు మాండలికాలకి ఆరు సంపుటాల నిఘంటువు కూడా వేశాడు, తన ఊరి యాస సిగ్గుపడాల్సింది కాదని. మన గిడుగు రామమూర్తి గారు సవరల మధ్య తిరుగుతూ వాళ్ల భాష రాసుకున్న రోజులే అవి.

మీకైతే ఇంకా తేలిక. మీకు జర్మన్ వస్తోంది, ఇంగ్లీషు వచ్చు, సంస్కృత పదాలు తెలుగులోనే బోలెడు ఉన్నాయి. చాలా మంది యూరప్ విద్యార్థులకి ఈ మూడోది లేదు. ఒక్కటే అడ్డం, తొందర. రోజుకి నాలుగు పాదాలు చాలు. ప్రతి మాటా విప్పండి. విప్పలేని మాట దగ్గర ఆగండి. వెర్నెర్ చేసింది అదే కదా, అందరూ దాటిపోయిన మాట దగ్గర ఆగాడు.

మీకు పంచిన కాగితం చూడండి. చివరి వరసకి అందిందా? లేకపోతే పక్కవాళ్లతో పంచుకోండి. ఇది హిల్డెబ్రాండ్ పాట, పాత జర్మన్‌లో. 830 ప్రాంతంలో, ఫుల్డా మఠంలో, ఒక మతగ్రంథం ముందూ వెనకా ఖాళీగా ఉన్న పుటల మీద ఇద్దరు సన్యాసులు రాశారు. 68 పాదాలు. కాసెల్‌లో ఉండేది. 1945లో ఒక ఆకు దొంగతనంగా అమెరికా చేరింది, 1972లో గానీ తిరిగి రాలేదు. మొదటి పాదం నాతో చదవండి. ‘ఇక్ గిహోర్తా దత్ సెగ్గెన్.’ ఏ1 వాళ్లు చెప్పండి. ఇష్ హోర్టె దస్ జాగెన్. నేను చెప్పగా విన్నాను. చూశారా, పన్నెండు వందల ఏళ్లు ఒక్క గెంతులో దాటారు.

కథ ఇది. ముప్ఫై ఏళ్ల కిందట పెళ్లాన్నీ పసివాణ్ణీ వదిలి దేశాలు పట్టిపోయిన హిల్డెబ్రాండ్ తిరిగొచ్చాడు. రెండు సైన్యాల మధ్య ఒక కుర్రాడితో తలపడాలి. నువ్వెవరి కొడుకువి అని అడిగాడు. మన బభ్రువాహనుడి కథ తెలిసినవాళ్లకి ఇక్కడే గుండె జారుతుంది. కొడుకు చెప్పాడు. కాగితం మీద కింద గీత గీసి ఉంది చూడండి. ‘దత్ హిల్తిబ్రంత్ హేత్తి మీన్ ఫతెర్, ఇహ్ హేయిత్తు హదుబ్రంత్.’ హిల్, హే, హే, హ. యతి దొరికిందా? మా నాన్న పేరు హిల్డెబ్రాండ్ అట, నా పేరు హదుబ్రాండ్. మీరు ఏ1 మొదటి రోజు నేర్చుకునే వాక్యమే, ఇష్ హైసె. తండ్రి నేనే నీ నాన్నని అంటాడు, చేతి కడియాలు తీసి ఇస్తాడు. కొడుకు నమ్మడు. మా నాన్న చచ్చిపోయాడు, నువ్వు ముసలి మోసగాడివి అంటాడు. ఈటెలు విసురుకున్నారు, డాళ్లు చితికేదాకా కొట్టుకున్నారు. అక్కడ పుటలో చోటు అయిపోయింది. పాటా అక్కడే ఆగిపోయింది.

ఆ కింద గీసిన పాదంలో ‘ఫతెర్’ ఉంది కదా, దాన్లో అక్షరం ఏదో ఒకసారి చూసుకోండి. ట. పెన్నులున్నవాళ్లు చుట్టూ సున్నా చుట్టండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగొచ్చు.